తేలని మిస్టరీకి మార్కులు వేయబోయి నేను తిన్న చీవాట్లు

కోపం దిగకముందే రాసేస్తున్నాను. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక హైస్కూలు వాళ్లు తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత 'ఇప్పటికీ తేలని రహస్యాలు' అని ప్రాజెక్టులు చేయించి, దిద్దడానికి బయటివాడినని నన్నూ పిలిచారు. పిలుపు, రిజిస్టర్‌లో సంతకం, టీ, అన్నీ సాఫీగానే జరిగాయి.

ఫైళ్లలో సగానికి సగం బెర్ముడా ట్రయాంగిలే. 1945 డిసెంబర్ 5న మాయమైన అమెరికా నేవీ విమానాల దళం ఫ్లైట్ 19, 5 విమానాలు, 14 మంది, అందరిదీ అదే పేరా, అదే బొమ్మ, ఆఖరికి అచ్చుతప్పు కూడా అదే. ఇలాంటివి దిద్దేవాళ్లకి ఒక మాట: అట్ట మీది మెరుపు కాగితం చూసి మోసపోకండి, వైవాలో "ఈ సంగతి నీకెలా తెలిసింది?" అని అడగండి చాలు. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ఏ ఫైలు నాన్న రాశాడో, ఏది నెట్ సెంటర్‌వాడు రాశాడో ఆ ఒక్క ప్రశ్నతోనే బయటపెట్టేశాను. 2014లో మాయమైన మలేషియా విమానం ఎంహెచ్370ని టాపిక్‌గా తీసుకున్న కుర్రాడు మాత్రం ముచ్చటగా చేశాడు. 2015లో రీయూనియన్ దీవిలో దొరికిన రెక్క ముక్క అంత దూరం ఎలా కొట్టుకొచ్చి ఉంటుందో, హిందూ మహాసముద్రపు ప్రవాహాలు పెన్సిల్‌తో తనే గీసుకొచ్చాడు.

గొడవంతా నేతాజీ ఫైలు దగ్గర. నేతాజీ పుట్టింది కటక్‌లో, కాబట్టి ఒడిశాలో ఈ టాపిక్ అంటే అందరికీ ఆవేశమే. ఆ పదో తరగతి అమ్మాయి ఆవేశపడలేదు. పట్టిక గీసింది. నేతాజీ ఎలా పోయారో తేల్చమని ప్రభుత్వం వేసిన 1956 షానవాజ్ కమిటీ, 1974లో నివేదిక ఇచ్చిన ఖోస్లా కమిషన్, రెండూ ఆయన 1945 ఆగస్టు 18న తైహోకు (ఇప్పటి తైవాన్‌లోని తైపీ) విమాన ప్రమాదంలోనే పోయారన్నాయి. షానవాజ్ కమిటీలో ఉన్న నేతాజీ అన్నగారు సురేశ్ చంద్ర బోస్ మాత్రం ఒప్పుకోలేదు. ముఖర్జీ కమిషన్ 2005లో, ఆ ప్రమాదంలో చనిపోలేదంది, ప్రభుత్వం ఆ మాటను తోసిపుచ్చింది. పక్క గడిలో ఎవరు కళ్లారా చూసినవాళ్లు, ఎవరు విని చెప్పినవాళ్లు అని విడగొట్టింది. చివర్లో, టోక్యో రెంకోజీ గుడిలో నేతాజీవని ఉంచిన అస్థికలకి డీఎన్ఏ పరీక్ష జరిగితే తేలొచ్చు, అందాకా నేను ఏదీ తేల్చలేను అని రాసింది. ముగింపుకి 10కి 9 వేశాను.

మా ప్యానెల్ పెద్ద ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఆ షీటు చూసి, పిల్లలంతా వింటుండగానే, "జవాబే లేనిదానికి తొమ్మిదేంటండీ, మీకసలు దిద్దడం వచ్చా?" అన్నాడు. సార్, టాపిక్కే తేలనిది కదా అంటే, "ముగింపు అనే గడి ఎందుకుందో చదువుకోండి" అని ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టాడు. 9 కొట్టేసి 3 వేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టమన్నాడు. ఆయన కింద పనిచేసేవాడినేం కాదు, అయినా ఆ అమ్మాయి ముందే "ఆజ్ఞా, ఆజ్ఞా" (ఒడియాలో 'చిత్తం సార్' అని) అంటూ నిలబడాల్సి వచ్చింది. నేతాజీ సాధువు వేషంలో బతికే ఉన్నాడని ఒక్క ఆధారం లేకుండా తేల్చేసిన ఇంకో ఫైలుకి ఆయనే 10కి 10 వేశాడు! తెలియనిదాన్ని తెలియదని రాసిన పిల్లకి 3, తోచింది రాసినవాడికి 10. రేపు వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మేది ఎవరు మరి?

సంతకమైతే పెట్టలేదు. "నేను వేసినది 9, మార్చమన్నది అధ్యక్షులు" అని రిమార్కుల గడిలో రాసి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, షీటు ఇచ్చేశాను. ఆయన ముఖం మాడిపోయింది. చివరికి సైన్స్ మేడం మధ్యలోకొచ్చి 7 చేయించింది.

ఎవరైనా ఇలాంటి పనికి వెళ్తే, ఏ గడికి దేన్నిబట్టి మార్కులో కాగితం మీద ముందే రాయించుకోండి, రిటైర్డ్ పెద్దలున్న ప్యానెల్ అయితే అసలు ఒప్పుకోకండి. దారి ఖర్చులకని నా పాస్‌బుక్ జిరాక్స్ తీసుకున్నారు, ఆ డబ్బులు పడితే చెప్తాను.