9 గెలిచినోణ్ణి పంపేసిన ఊరు

నెబ్రాస్కాలో ఉంటున్నా అంటే మనోళ్ళు ముందు అడిగేది అక్కడ ఏముందిరా అని. డాలస్‌లో ఉండే మా బావైతే ఇప్పటికీ మొక్కజొన్న చేలల్లో ఏం చేస్తున్నావురా అనే పలకరిస్తాడు. ప్రాజెక్ట్ ఇక్కడ దొరికింది, వచ్చాం, అంతే. లింకన్‌లో ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దగ్గర కాంట్రాక్టర్‌ని. ఏముందీ అంటే ఫుట్‌బాల్ ఉంది, అమెరికా వాళ్ళు బంతి చేత్తో పట్టుకుని ఆడేది. ప్రొఫెషనల్ లీగ్‌ల్లో ఎన్ఎఫ్ఎల్ టీమ్ లేదు, ఎన్‌బీఏ టీమ్ లేదు, రాష్ట్రం మొత్తానికి దిక్కు యూనివర్సిటీ టీమ్ హస్కర్స్ ఒక్కటే. దాదాపు 20 లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో 85 వేలకి పైగా పట్టే స్టేడియం, మ్యాచ్ ఉన్న శనివారం ఒమాహా, లింకన్ తర్వాత మూడో పెద్ద ఊరు అదే అని చెప్పుకుంటారు, లెక్క చూస్తే నిజమే. 1962 నవంబర్ నుంచి ఇక్కడ ప్రతి హోమ్ గేమూ ఫుల్లే. ఈ మధ్య చెడ్డ సీజన్లలో మిగిలిపోయిన టికెట్లని డోనర్లు కొనేసి ఆ లెక్క తెగకుండా కాపాడారు, అది వేరే కథ.

మా టీమ్‌లో డేటాబేస్ చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, వాళ్ళ నాన్న నుంచి వచ్చిన సీజన్ టికెట్లు ఆయనవి. నాకు ఫుట్‌బాల్ వచ్చిందంటే ఆయన పుణ్యమే. సోమవారం పొద్దున కాఫీ దగ్గర నిలబడితే అరగంట తక్కువ కాదు, మేనేజర్ కూడా ఏమనడు ఎందుకంటే మేనేజర్ కూడా అక్కడే ఉంటాడు.

నాకు మొదట్లో వీళ్ళ ఓపిక అస్సలు అర్థమయ్యేది కాదు. 2021లో మన సన్‌రైజర్స్ వరసగా ఓడుతుంటే, 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ని కూడా సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, మనకి తెలిసిన పద్ధతి అది. ఇక్కడ స్కాట్ ఫ్రాస్ట్ అని ఒకాయన్ని 2017 డిసెంబర్‌లో కోచ్‌గా తెచ్చారు. లింకన్‌లోనే పుట్టాడు, 1997లో ఇదే టీమ్ నేషనల్ టైటిల్ కొట్టినప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి పంచుతూ ఆట నడిపించేవాడు, ఆయనే, వచ్చేముందు ఆ సీజన్‌లో సెంట్రల్ ఫ్లోరిడా టీమ్‌ని ఒక్క ఓటమి లేకుండా నడిపాడు, ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది. తీరా చూస్తే 2018లో మొదటి 6 మ్యాచ్‌లూ ఓడిపోయారు. క్వార్టర్‌బ్యాక్ అప్పుడే కాలేజీలో చేరిన కుర్రాడు, ఏడో మ్యాచ్‌లో మిన్నెసోటా మీద 53 పాయింట్లు కొట్టి గెలిచేసరికి కప్పు గెలిచినట్టు ఊగిపోయారంట జనం. పిల్లలు చిన్నోళ్ళు, టైమ్ ఇవ్వాలి, ఇదే మాట. ఆ ఏడాది 4-8, అంటే 4 గెలుపులు 8 ఓటములు, తర్వాత 5-7, తర్వాత 3-5, 2021లో 3-9. ఆ 9 ఓటముల్లో ఒక్కటి కూడా 9 పాయింట్ల తేడా దాటలేదు, దాన్ని పట్టుకుని చూశావా ఎంత దగ్గరికొచ్చాం అనేవాడు పెద్దాయన. జీతం తగ్గించి ఆయన్నే ఇంకో ఏడాది ఉంచారు.

సొంతూరి కుర్రాడు కాబట్టి వెనకేసుకొస్తున్నారనుకున్నా. అదీ ఉంది, కానీ అసలు సంగతి అది కాదు, పెద్దాయన ఒకసారి పాత లెక్క చెప్పాకే తెలిసింది. ఆస్‌బర్న్ అనే ఆయన 25 ఏళ్ళు కోచ్‌గా ఉండి 1994, 95, 97లో మూడు టైటిళ్ళు తెచ్చి దిగిపోయాడు. ఆయన తర్వాత సోలిచ్ వచ్చాడు, ఇక్కడే ఆడినోడు, 2003లో 9 గెలిచి 3 ఓడితే పంపేశారు, 9 ఏం గెలుపు అని. తర్వాతొచ్చినాయన నాలుగేళ్ళలో టీమ్‌ని కిందికి దించాడు. ఆ తర్వాత పెలినీ, ప్రతి ఏడాదీ 9 తక్కువ గెలవలేదు, 2014లో ఆయన్నీ పంపేశారు. ఆయన స్థానంలో వచ్చినాయన మూడేళ్ళలో 19 గెలిచి 19 ఓడాడు. ఇప్పుడు 9 గెలిపించే కోచ్ ఎవడైనా దొరికితే ఊళ్ళో విగ్రహం పెడతారు. అంటే వీళ్ళ ఓపిక పుట్టుకతో వచ్చింది కాదు, రెండుసార్లు తొందరపడి చేతులు కాల్చుకున్నాక వచ్చింది. ఫ్రాస్ట్ ఓడుతున్నప్పుడల్లా జనానికి సోలిచ్ గుర్తొచ్చేవాడు, అందుకే నోరు మూసుకున్నారు అని నా అభిప్రాయం, పెద్దాయన మాత్రం ఒప్పుకోడు, సోలిచ్‌ని తీసింది మేం కాదు యూనివర్సిటీలో ఆటల విభాగం డైరెక్టర్ అంటాడు.

ఆ ఓపిక కూడా ఎలా అయిపోయిందో చూడాలి. 2022 ఆగస్టులో ఐర్లాండ్ వెళ్ళి డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో ఆట, 28-17తో ముందున్నారు, హాయిగా ఆడుకోక ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్ళీ తమకే దక్కేలా దగ్గరికే తన్నడం) కొట్టించాడు, బంతి అవతలోళ్ళకి పోయింది, 31-28తో ఓడారు. రెండు వారాలకి సొంత స్టేడియంలో జార్జియా సదరన్ చేతిలో 45-42. మర్నాడే తీసేశారు, సెప్టెంబర్ 11. కాంట్రాక్ట్ ప్రకారం ఇవ్వాల్సింది కోటిన్నర డాలర్లు, అక్టోబర్ 1 దాకా ఆగితే అందులో సగం మిగిలేది. నాలుగేళ్ళ పైన ఆగినోళ్ళు మూడు వారాలు ఆగలేక 75 లక్షల డాలర్లు వదులుకున్నారు.

ఇది చదివే హెచ్1బీ వాళ్ళకి కడుపు మండుద్ది నాకు తెలుసు. 16 గెలిచి 31 ఓడినాయనకి కోటిన్నర, మనకి ఉద్యోగం పోతే 60 రోజులు, ఆలోపు ఇంకో ఎంప్లాయర్ దొరక్కపోతే సామాన్లు సర్దుకోవడమే. ఆఫీసులో కూడా అంతే, కాలేజీ నుంచి ఫ్రెష్‌గా వచ్చిన ఫుల్‌టైమ్ పిల్లలకి నేర్చుకోడానికి ఏడాది టైమ్, తప్పు చేస్తే పక్కన మెంటర్, కాంట్రాక్టర్‌కి రెండో వారంలోనే నడుస్తున్న సిస్టమ్‌లో వచ్చిన సమస్య నెత్తిన పడాలి, ఆరు నెలలకోసారి కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్ వచ్చిందా లేదా అని వెండర్‌కి, అంటే మనల్ని ఇక్కడ పెట్టిన మధ్య కంపెనీకి, ఫోన్లు. అదే మేనేజర్, శనివారం పంతొమ్మిదేళ్ళ కుర్రాడు బంతి జారవిడిస్తే పాపం పిల్లోడు నేర్చుకుంటాడులే అంటాడు. తిట్టాలని కాదు, నాకు వింతగా ఉంటుంది.

తర్వాత మ్యాట్ రూల్ వచ్చాడు. ఈయన ఇక్కడోడు కాదు, అందుకని ఈయన మీద నమ్మకం మనిషి మీద కాకుండా లెక్క మీద పెట్టుకున్నారు. అంతకుముందు టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడాది 2-10, మూడో ఏడాదికి 10 గెలుపులు. బేలర్ యూనివర్సిటీలో 1-11, మూడో ఏడాదికి 11 గెలుపులు. దాంతో మూడో ఏడాది అనేది ఇక్కడ సంక్రాంతి అయిపోయింది. 2023లో 5-7, ఆఖరి నాలుగూ వరసపెట్టి పోయాయి, ఎవరూ గట్టిగా అనలేదు, మూడో ఏడాది రానీ. 2024లో రయోలా అని ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్, ఇండియానాలో 56-7తో ఓడటం లాంటి ఘోరం జరిగినా చివరికి న్యూయార్క్‌లో బౌల్ గేమ్ (సీజన్ చివర్లో ఆడే ప్రత్యేక మ్యాచ్) గెలిచి 7-6. 2016 తర్వాత ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న మొదటి సీజన్ అది. ఆ వారం పెద్దాయన సినమన్ రోల్స్, చిల్లీ తెచ్చి పెట్టాడు, ఆ రెండూ కలిపి తింటారు ఇక్కడ, అలవాటైతే బానే ఉంటుంది.

మరి మూడో ఏడాది 2025. అక్టోబర్ చివర్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ రూల్‌ని ఎత్తుకుపోతుందేమో అని భయం, ఆయన చదువుకుంది అక్కడే, వీళ్ళు 2032 దాకా కాంట్రాక్ట్ పొడిగించేశారు. సరిగ్గా తర్వాత శనివారం రయోలా కాలు విరిగింది. నవంబర్ ఆఖరుకి పెన్ స్టేట్ చేతిలో 37-10, అయోవా చేతిలో 40-16తో ఓటములు. రెగ్యులర్ సీజన్ 7-5. సంక్రాంతి రాలేదు. సీజన్ అయ్యాక రయోలా ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. 2021 నుంచి కాలేజీ ఆటల నియమాలు మారాయి కదా, టీమ్ మారితే ఇదివరకటిలా ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పన్లేదు, డబ్బులు కూడా తీసుకోవచ్చు. కుర్రాణ్ణి పదిహేడేళ్ళప్పుడు తెచ్చి, రెండేళ్ళు జిమ్‌లో పెంచి, నాలుగో ఏడాదికి తయారుచేసుకోవడం అనే పద్ధతి మీదే ఈ ఊరు నిలబడింది, పొలాల నుంచి వచ్చి సొంత ఖర్చుతో చదువుకుంటూ ఆడిన పిల్లల్ని కూడా అలాగే పెంచారు.

మనం రేటు చూసి వెండర్ మారినట్టే కదా అన్నా పెద్దాయనతో. నవ్వలేదు. "కోచ్‌కి 2032 దాకా రాసిచ్చాం, పిల్లలేమో డిసెంబర్‌కి వెళ్ళిపోతున్నారు, ఇంక నేను ఎదురుచూసేది ఎవరి కోసం?" అన్నాడు. అలా అన్నాయన సీజన్ టికెట్లకి డబ్బు మాత్రం అప్పటికే కట్టేశాడు. వాళ్ళబ్బాయికి కుదరదంట, సెప్టెంబర్‌లో ఫస్ట్ గేమ్‌కి పక్క సీటు నీకిస్తా వస్తావా అని అడిగాడు. అప్పటిదాకా నా ఎక్స్‌టెన్షన్ ఉంటే వస్తానన్నా.