సోలింగెన్ కత్తికి బెల్జియం రాయి: నా అనుభవం

ఇప్పుడు ఏ సెలూన్‌కి వెళ్ళినా సగం బ్లేడు విరిచి పెట్టే కత్తే, హెచ్‌ఐవీ భయం మొదలయ్యాక అందరూ దానికే మారిపోయారు, అదే కరెక్ట్ కూడా. కానీ ఇంట్లో నా గడ్డం నేను గీసుకోడానికి పాత మడత కత్తి వాడితే ఏం పోయింది అని ఎప్పట్నుంచో పురుగు తొలుస్తా ఉంది. మా బావ జర్మనీ నుంచి వస్తూ సంతలో దొరికిన సోలింగెన్ (కత్తులకి పేరుపడ్డ జర్మనీ ఊరు) కత్తి ఒకటి, దాంతో పాటు కత్తి నూరే కోటిక్యూల్ అనే పసుపు రాయి ముక్క ఒకటి తెచ్చాడు. ఆ రాయి బెల్జియంలో ఆర్డెన్స్ కొండల్లో దొరుకుతుంది. కత్తి వెడల్పు 5/8 అంగుళం, తుప్పు పెద్దగా లేదు, పదును మాత్రం సున్నా.

కంపెనీ రాళ్ళయితే 1000, 3000, 8000 అని నంబర్లు ఉంటాయి, నంబర్ పెరిగే కొద్దీ రాయి నునుపు, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ పోవడమే. దీనికి నంబర్ లేదు. ఇందులో గార్నెట్ అనే గట్టి ఖనిజం సన్నటి రేణువులుగా ఉంటుంది, ఉక్కుని అరగదీసేది అవే. నీళ్ళు చల్లి చిన్న రాయి ముక్కతో పైన రుద్దితే మజ్జిగలా తెల్లటి గుజ్జు వస్తుంది, అది చిక్కగా ఉన్నప్పుడు గబగబా అరుగుతుంది, నీళ్ళు పోసి పల్చన చేసే కొద్దీ నెమ్మదిస్తుంది, చివర్లో ఉత్త నీళ్ళ మీద అంచుకి నునుపు వస్తుంది. అంటే ఉన్నది ఒకటే రాయి, ఎప్పుడు ఎన్ని చుక్కలు వెయ్యాలో మనమే చూసుకోవాలి.

ముందు రాయి చదును చెయ్యాలి. పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, అద్దం ముక్క మీద వాటర్ పేపర్ పరిచి రుద్దా, గీతలన్నీ పోతే చదునైనట్టు. బోరింగ్ పనే కానీ ఇది ఎగ్గొడితే తర్వాత పడే కష్టమంతా దండగ.

అసలు పని అంచు రెండు వైపులా సమంగా కలిసేలా చెయ్యడం, నా టైమ్ ఎక్కువ భాగం దీనికే పోయింది. దీనికి మామూలు 1000 రాయే వాడా. కత్తి వెన్ను పాతబడి అరిగి ఉంది కాబట్టి ఇంకా అరక్కుండా దాని మీద కరెంటు టేపు ఒక పొర వేసి, అంచు పొడుగూతా నల్ల మార్కర్ పూసి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి నెమ్మదిగా తోశా, బంగారం షాపుల్లో వాడే భూతద్దం పెట్టి చూస్తే మధ్యలో ఇంకు పోయింది, కొసనా మొదట్లోనూ పోకుండా అలాగే ఉంది. అంటే కత్తి ఒకేసారి మొత్తం ఆనట్లేదు. తోసేటప్పుడు ఐమూలగా లాగుతూ, కొస వచ్చేసరికి ఒత్తిడి అటు మార్చుకుంటూ పోతే మెల్లగా అక్కడి ఇంకూ పోవడం మొదలైంది. ముంజేతి వెంట్రుకలు చర్మం దగ్గరికంటా, కత్తిలో ఏ చోట పెట్టినా తెగాలి, అప్పటిదాకా పసుపు రాయి జోలికి పోకూడదు. చాలామంది ఖరీదైన రాయి మీద పెట్టే శ్రద్ధ ఇక్కడ పెట్టరు అని నా ఫీలింగ్.

వన్ టౌన్‌లో పాత సెలూన్ బాబాయ్ ఒకాయన ఉన్నారు, ఒకప్పుడు రోజూ కత్తి నూరిన మనిషి, తీసుకెళ్ళి చూపించా. బొటనవేలి గోరు తడి చేసి దాని మీద అంచు ఆనించి కొద్దిగా లాగారు, "మొదట్లో జారతంది అబ్బాయ్, అక్కడ ఇంకా నూరాల" అన్నారు. భూతద్దంలో చూసినా అక్కడే సన్నగా తెల్ల గీత మెరుస్తోంది!

అది సరిచేశాక పసుపు రాయి. మే నెల బెజవాడలో ఫ్యాన్ కింద కూర్చుంటే గుజ్జు మనం పల్చన చేసేలోపే ఆరి చిక్కబడిపోతుంది, అందుకే ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుతూ చేశా, ఇంట్లో వాళ్ళు నన్నో పిచ్చోడిలా చూశారు అనుకోండి. వేలితో ఒక్కో చుక్క వేసుకుంటూ, బరువు తగ్గించుకుంటూ, చివరికి కత్తి బరువు తప్ప చేతి బరువు లేకుండా. ఒక దశలో నీళ్ళు అంచు ముందు తోసుకుపోవడం మానేసి అంచు మీదుగా కత్తి పైకి ఎక్కడం మొదలెట్టాయి, కత్తి రాయికి అతుక్కుంటున్నట్టు అనిపించింది. అది మంచి గుర్తు.

మార్కాపురం పలక రాయి కూడా ట్రై చేశా, కత్తులు నూరే జర్మనీ థురింజియన్ రాళ్ళు కూడా పలక జాతే కదా అని. నా దగ్గరున్న ముక్క మరీ నెమ్మది, మధ్యలో ఏదో గరుకు తగిలి గీతలు పడ్డాయి, పక్కన పెట్టేశా. మంచి ముక్క దొరికితే మళ్ళీ చూస్తా.

నూరడం అయ్యాక చివరిగా తోలు పట్టీ మీద తిప్పాలి. రాయి మీద అంచు ముందుకి, తోలు మీద వెన్ను ముందుకి, ఇది తారుమారైతే తోలు తెగుతుంది, పదునూ పోతుంది. ముందు బట్ట పట్టీ మీద, తర్వాత తోలు మీద 50, 60 సార్లు. బాబాయ్ అయితే పట్టీ లేకుండా అరచేతి మీదే అటూ ఇటూ తిప్పేశారు, దయచేసి అది మీరు చెయ్యొద్దు.

గీసుకునేటప్పుడు కత్తిని 30 డిగ్రీలు వంచి పట్టా. బుగ్గల మీద అస్సలు తెలియలేదు, గడ్డం కింద మాత్రం కాస్త లాగింది, మళ్ళీ ఉత్త నీళ్ళ మీద కాసేపు లాగి తోలు మీద తిప్పితే సర్దుకుంది. మన ఉక్కకి ఈ ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది, వాడిన వెంటనే పొడిగా తుడిచి కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క రాసి పెడుతున్నా, బాత్రూమ్‌లో మాత్రం ఉంచట్లేదు.