బాలింతకు పెట్టే సముద్రపు నాచు

"సీవీడ్ తింటే థైరాయిడ్ పోతుంది" అని ఈ మధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. నేను ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నదాన్ని. కొరియాలో కాపురముంటూ ఆ నాచును ఇంట్లో వండుకునేదాన్ని కూడా. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఇక్కడ ఎక్కువగా తినేది మియోక్. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు. జపాన్ వాళ్లు వకమే అనేది దీన్నే. దీంతో చేసే చారు మియోక్‌గుక్, బాలింతలకు తప్పనిసరి. పుట్టినరోజు పొద్దున కూడా అదే తాగుతారు. మా బాబు పుట్టినప్పుడు సువన్‌లో ఆస్పత్రివాళ్లు మూడు పూటలా తెచ్చిపెట్టారు. తెనాలి నుంచి కాయం, వెల్లుల్లి కారం మోసుకొచ్చిన మా అమ్మ గిన్నెలోకి తొంగిచూసి, "ఏమిటే ఇది, చెరువు నాచులా ఉంది! పచ్చి బాలింతకి ఇలాంటివి పెడతారా?" అంది.

పెట్టడానికి కారణం లేకపోలేదు. వంద గ్రాముల పచ్చి మియోక్‌లో కాల్షియం 150 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే పాలకన్నా కొంచెం ఎక్కువే. మెగ్నీషియం 107 మిల్లీగ్రాములు, ఫోలేట్ దాదాపు 196 మైక్రోగ్రాములు, ఐరన్ 2 మిల్లీగ్రాములు. కేలరీలు చూస్తే 45 మాత్రమే. ఒక గిన్నె చారులో వంద గ్రాముల నాచు పడదు కాబట్టి ఈ అంకెలు చూసి మురిసిపోనక్కర్లేదు. దీంట్లో జిగురుగా తగిలేది ఆల్జినేట్ అనే పీచు. నీళ్లు పట్టి ఉంచుతుంది, విరేచనం సాఫీగా అయ్యేలా చూస్తుంది. కాన్పయ్యాక మలబద్ధకంతో బాధపడినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. శాకాహారులు మాత్రం బి12 కోసం దీన్ని నమ్ముకోవద్దు, ఇందులో ఉండేది నామమాత్రమే.

చలికాలంలో, వసంతంలో బజారుకు పచ్చి మియోక్ వస్తుంది. మరిగే నీళ్లలో వేస్తే, మన కళ్లముందే, ఒక్క క్షణంలో, గోధుమరంగు పోయి చిలకపచ్చగా మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ముచ్చట తీరదు. ఆకుపచ్చ అందులో మొదటినుంచీ ఉన్నదే. ఫ్యూకోజాంథిన్ అనే రంగు ప్రొటీన్‌తో జతకట్టి దాన్ని కప్పేస్తుంది, వేడి తగలగానే ఆ జత విడిపోతుంది. ఈ ఫ్యూకోజాంథిన్ మీద, ఇదే నాచులో ఉండే ఫ్యూకోయిడాన్ అనే మరో పదార్థం మీద పరిశోధనలు చాలా జరుగుతున్నాయి. ఎక్కువభాగం గాజునాళికల్లో, ఎలుకల మీద చేసినవే. వాటిని చూపించి క్యాన్సర్ తగ్గుతుందని క్యాప్సూల్స్ అమ్మేవాళ్లంటే నాకు కోపం.

ఇక అసలు సంగతి, థైరాయిడ్ గ్రంథి పనిచేయడానికి కావాల్సిన అయోడిన్. 1811లో బెర్నార్డ్ కుర్త్వా అయోడిన్‌ని కనిపెట్టింది సముద్రపు నాచు బూడిదలోనే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి, పాలిచ్చే తల్లికి 250. ఎండు మియోక్ గ్రాముకే 100 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, పంటను బట్టి ఇంకా ఎక్కువ కూడా. ఐదు గ్రాములు నానబెడితే గిన్నె నిండుతుంది, అంటే తల్లి అవసరానికి రెట్టింపు ఒక్క పూటలో వచ్చేస్తుంది. చారు మరగబెట్టడానికి వాడే మరో నాచు దాసిమా (జపాన్ వాళ్లు కొంబు అనేది దీన్నే) అయితే గ్రాముకి 1000 మైక్రోగ్రాములు కూడా దాటుతుంది. మన దగ్గర అయోడిన్ ఉప్పు ఉండనే ఉంది. గ్రాముకి 15 మైక్రోగ్రాముల లెక్కన, పది గ్రాముల ఉప్పుతో రోజు అవసరం తీరిపోతుంది. మనలో చాలామందికి థైరాయిడ్ వచ్చేది అయోడిన్ లేక కాదు, సొంత రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేయడం వల్ల. అలాంటివాళ్లకు పైనుంచి అయోడిన్ కుమ్మరిస్తే గ్రంథి ఇంకా మందగించవచ్చు. ఆ అయోడిన్ తల్లిపాల ద్వారా పసిబిడ్డకూ చేరుతుంది. నా డాక్టరు మూడు పూటలు వద్దని, రోజుకు ఒక చిన్న గిన్నె చాలని చెప్పింది.

నేనిప్పుడు వారానికోసారి వండుకుంటున్నాను. చిటికెడంత ఎండు మియోక్ నానబెట్టి, గట్టిగా పిండి, నువ్వులనూనెలో వెల్లుల్లితో మగ్గించి, నీళ్లు పోసి బాగా మరగనిస్తాను. ఇక్కడివాళ్లు వేసే గొడ్డుమాంసం బదులు నేను పెరిల్లా అనే మొక్క గింజల పొడి వేస్తాను. పెసరపప్పులో పాలకూర బదులుగా వేసినా బాగుంటుంది, ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేసుకోవాలి. ఇండియాలో ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు వకమే అని స్పష్టంగా రాసున్నదే తీసుకోండి. హిజికి అనే నల్లటి నాచులో విషపూరితమైన ఆర్సెనిక్ ఎక్కువ, బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ దాన్ని తినొద్దనే చెప్పింది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి, నాచు క్యాప్సూల్స్ జోలికి మాత్రం అసలు పోవద్దు.