అమ్మ లివర్ ఎంఆర్ఐ: శ్రీకాకుళంలో నా అనుభవం

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

గ్యాస్ నొప్పి అని అల్ట్రాసౌండ్ తీయిస్తే అమ్మ లివర్లో గడ్డ కనబడింది. ఎంఆర్ఐ రాశారు. శ్రీకాకుళంలోనే అపాయింట్‌మెంట్ సులువుగా దొరికింది. నల్లపూసలు, మెట్టెలు తీయించారు. ముక్కుపుడక మర బిగుసుకుపోతే కొబ్బరినూనె రాసి తిప్పాం. ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా అమ్మ బుద్ధిగా బిగబట్టిందట.

అసలు కథ రిపోర్టు కౌంటర్ దగ్గర. అక్కడి కుర్రాడు మమ్మల్ని అడక్కుండానే ఫిల్ము తీసి, ట్యూబులైటుకేసి ఎత్తి, హాలంతా వినబడేలా "తెల్లగా వెలిగిపోతోంది చూడండి. క్యాన్సరే అయ్యుంటాది, వైజాగ్ తీసుకెళ్ళిపోండి" అన్నాడు. బెంచీల మీద వాళ్ళంతా మావైపు తిరిగారు. "ఏటంతన్నాడు బాబూ?" అని అమ్మ నా చొక్కా పట్టుకుంది. డాక్టరు గారితో మాట్లాడతానంటే "స్కాన్‌కే కట్టారు, మాటలకి కట్టలేదు" అన్నాడు. పక్కనున్నావిడ కిసుక్కున నవ్వింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మర్నాడు మా డాక్టరు గారు ఆ తెలుపు చూసే నిశ్చింతగా ఉండమన్నారు! ఒంట్లోని నీటిలో ఉన్న ప్రోటాన్లని అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగంతో కదిపితే, అవి మళ్ళీ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. అదే రిలాక్సేషన్. ఎలుకల కణితుల్లో ఆ సమయం మామూలు కణజాలంలో కన్నా ఎక్కువని 1971లో అమెరికా డాక్టరు రేమండ్ డమాడియన్ చూపించాడు. అయితే వాపులోనూ, నీటితిత్తిలోనూ కూడా అది పెరుగుతుంది. అమ్మది హెమాంజియోమా, రక్తనాళాల ముద్ద. క్యాన్సర్ కాదు. దాని టీ2 సమయం, అంటే సిగ్నల్ ఎంతసేపు నిలుస్తుందో చెప్పే రిలాక్సేషన్ సమయం, చాలా ఎక్కువ. సిగ్నల్‌ని ఆలస్యంగా (అంటే ఎకో టైమ్ పెంచి) పట్టిన బొమ్మల్లో చాలా క్యాన్సర్ గడ్డలు మసకబారతాయి, ఇది వెలుగుతూనే ఉంటుంది. స్కాన్‌లో ఎక్కించిన ఇంజెక్షన్ మందు కూడా గడ్డ అంచుల నుంచి లోపలికి మెల్లగా నిండిందట, అదీ హెమాంజియోమా గుర్తేనట. నేను బీఎస్సీ ఫిజిక్స్ వాణ్ణి, "ఎకో టైమ్ ఎంత పెట్టారండీ?" అని అడిగితే ఆయనే ముచ్చటపడ్డారు.

ఫిల్ములతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు. కవరు మాత్రం కౌంటర్లో ఎవరి చేతా విప్పించకండి.

ఆరు నెలలకి మళ్ళీ అల్ట్రాసౌండ్ తీయించమన్నారు. ఊరికే తీస్తామన్నా ఆ సెంటరు గడప తొక్కను.