జిరాక్స్ షాపు ఫోన్‌లో మన ఆధార్ ఎందుకుండాలి?

హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా, అటు నుంచి కేయూ క్రాస్ రోడ్ దాకా చాలా జిరాక్స్ సెంటర్లలో కౌంటర్ మీద ఒక ఫోన్ నంబర్ అంటించి ఉంటుంది. "అన్నా, గీ నంబర్‌కు వాట్సాప్ చెయ్" అంటాడు షాపాయన. మనం ఆధార్, పాన్, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ పంపేస్తాం. కాసేపట్లో ప్రింట్లు చేతికొస్తాయి, డబ్బులు ఫోన్‌పే చేసి బయటపడతాం. కాగితాలు మన చేతికి వచ్చాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ ఫైళ్లు ఇంకా షాపు వాట్సాప్ చాట్‌లో ఉన్నాయి, కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నాయి, షాపు ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడికీ చేరి ఉండొచ్చు. వాటి పక్కనే మన ఫోన్ నంబర్, మన పేరు, మన డీపీ.

ఆన్‌లైన్ ప్రైవసీ అనగానే అందరూ ఫేస్‌బుక్, గూగుల్, కుకీలు అని మొదలుపెడతారు. అవి ముఖ్యం కాదని నేననను. కానీ వరంగల్‌లోనో, జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో ఉండే మామూలు మనిషి విషయంలో నాకు అంతకంటే పెద్ద భయం ఈ కౌంటర్ మీది నంబరే. స్కాలర్‌షిప్‌కు, కులం సర్టిఫికెట్‌కు, సిమ్‌కు, హాస్టల్ అడ్మిషన్‌కు, అద్దె ఇంటికి, అన్నింటికీ అదే కార్డు అడుగుతారు, అన్నిసార్లూ అదే ఫొటో పంపిస్తాం. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు తెలంగాణ ప్రభుత్వం పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు జిరాక్స్ షాపుల ముందు లైన్లు ఎట్లా ఉన్నాయో అందరం చూసినం. కోటికి పైగా దరఖాస్తులు, వాటికి ఆధార్, రేషన్ కార్డు కాపీలు. ఆ తర్వాత హైదరాబాద్ బాలానగర్‌లో కొన్ని దరఖాస్తులు రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉన్న వీడియోలు వచ్చాయి. నాకైతే కడుపులో దేవినట్టు అయింది. అవి పారేసుకునే కాగితాలు కావు కదా, ఒక్కోటి ఒక్కో ఇంటి పూర్తి వివరం.

షాపాయన దొంగ అని నేను అనడం లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే మనిషికి ఒక్కొక్కరి ఫైల్ వెతికి డిలీట్ చేసే తీరిక ఎక్కడుంటుంది? ఇబ్బంది ఏమిటంటే చాలాచోట్ల ఆ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉండదు, పనిచేసే పిల్లలు మారుతుంటారు, ప్రింట్ కోసం వచ్చిన వాళ్లే మౌస్ పట్టుకుని తమ ఫైల్ తామే వెతుక్కుంటారు, కొన్నేళ్లకు ఆ కంప్యూటర్‌ను ఎవరికో అమ్మేస్తారు. ఎవరూ దొంగతనం చేయకుండానే మన కార్డు పది చేతులు మారుతుంది.

ఇది చెప్తే మా బాపు అనే మాట ఒకటుంది: "మన దగ్గర ఏమున్నదని ఎత్కపోతరు?" ఈ మాట చాలా ఇళ్లలో వింటాను. దానికి జవాబు మన పెద్దపల్లి జిల్లాలోనే ఉంది. 2018లో అక్కడ సిమ్ కార్డులు అమ్మే ఒకాయన టార్గెట్ పూర్తి చేయడానికి ఏం చేశాడంటే, ఆన్‌లైన్‌లో దొరికే భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు దించుకుని, వాటి మీదున్న వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లాగా తయారు చేసి, అదే పత్రాల్లోని ఆధార్ నంబర్లతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పోలీసులు పట్టుకున్నారు. కానీ ఆ సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్లు చేసిన తప్పేమిటి? భూమి కొనడమో అమ్మడమో. వాళ్ల అకౌంట్‌లో డబ్బు ఉందా లేదా అన్నదానితో ఆ మనిషికి పనే లేదు, అతనికి కావాల్సింది ఒక పేరు, ఒక నంబర్, ఒక ముద్ర. ఎత్తుకుపోయేది డబ్బు ఒక్కటే అనుకుంటాం కాబట్టి బాపు లాంటి వాళ్లు ధీమాగా ఉంటారు. మన పేరు మీద సిమ్ తీస్తారు, ఆ సిమ్‌తో ఇంకెవరినో మోసం చేస్తారు, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ముందు మన ఇంటికే.

ఇంకోటి, వివరాలు తెలిసినవాడు ఫోన్ చేస్తే నమ్మబుద్ధి అవుతుంది. మీ పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ చివరి అంకెలు చదివి "మీ పేరు మీద పార్శిల్ దొరికింది, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం" అంటే చదువుకున్నవాళ్లు కూడా వణికిపోతున్నారు. ఇట్లా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు, వీడియో కాల్‌లో ఏ పోలీసూ అరెస్టు చేయడు. అయినా అంత టెన్షన్‌లో ఆ మాట గుర్తురాదు, ఎందుకంటే అవతలివాడి చేతిలో మన కార్డు ఉంది.

అందుకే నేను ఇంట్లో వాళ్లకూ, మా గల్లీలో పిల్లలకూ ముందు చెప్పేది మాస్క్‌డ్ ఆధార్ గురించి. మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ కావాలని టిక్ పెడితే 12 అంకెల్లో మొదటి 8 కనపడకుండా, చివరి 4 మాత్రమే ఉన్న కార్డు వస్తుంది. లాడ్జిలో, హాస్టల్‌లో, అద్దె ఇంట్లో గుర్తింపు కోసం అడిగితే ఇదే ఇవ్వండి. ప్రభుత్వ పథకాలకు పూర్తి నంబర్ తప్పదు, అక్కడ వేరే దారి లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా తెరవగలరు, కాబట్టి పాస్‌వర్డ్ ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ వదిలేయొద్దు.

షాపులో ప్రింట్ తీయాల్సి వస్తే మెయిల్, వాట్సాప్ వెబ్ అక్కడి కంప్యూటర్‌లో తెరవకపోవడమే మంచిది. తెరవక తప్పకపోతే వచ్చే ముందు ఫోన్ వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి పోయి ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేయండి. ఫైల్ పంపినా, ప్రింట్ రాగానే "అన్నా, నా ఫైల్ డిలీట్ చెయ్యవా" అని అక్కడే నిలబడి అడగండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మొహమాటపడాల్సింది ఏమీ లేదు. మనం మన వైపు నుంచి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా చాట్‌లోంచి పోతుంది గానీ, అప్పటికే కంప్యూటర్‌లోకి దిగిన కాపీ పోదు. ఇచ్చే జిరాక్స్ మీద ఎందుకోసం ఇస్తున్నామో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం పెట్టే పాత అలవాటు మన పెద్దలకు ఉండేది. అది మళ్లీ రావాలి.

షాపుల వాళ్లకు కూడా ఒక విన్నపం. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ మెసేజ్ టైమర్ అని ఉంటుంది, దాన్ని 24 గంటలకు పెడితే ఆ తర్వాత మొదలయ్యే కొత్త చాట్‌లలోని మెసేజ్‌లు వాటంతట అవే పోతాయి. ఫొటోలు గ్యాలరీలో సేవ్ కాకుండా ఆఫ్ చేసుకోండి, షాపు మూసేటప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి. మీ షాపును నమ్మి ఊరంతా కాగితాలు ఇస్తోంది.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవడానికి సంచార్ సాథీ సైట్ ఉంది. మన నంబర్, ఓటీపీ ఇస్తే లిస్టు వస్తుంది, మనది కాని నంబర్ ఉంటే అక్కడే "నా నంబర్ కాదు" అని రిపోర్ట్ చేయొచ్చు. ఇంట్లో ప్రతి ఒక్కరిదీ, ముఖ్యంగా అమ్మానాన్నలది చూడండి. పల్లెల్లో చాలామంది ముసలివాళ్ల ఆధార్‌కు లింకై ఉన్న ఫోన్ నంబర్ ఎవరిదో వాళ్లకే తెలియదు, ఎప్పుడో ఎవరో ఎక్కించిన నంబర్ అది. వాడకం లేక కంపెనీ బంద్ చేసిన నంబర్‌ను, బంద్ చేసిన 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు, అప్పుడు మన ఓటీపీలు వాళ్లకు పోతాయి. ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లి సొంత నంబర్ ఎక్కించండి, ఒక పూట పోయినా సరే.

వేలిముద్ర లాక్ సంగతి కొంచెం ఆలోచించి చేయాలి. మైఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ చేస్తే ఎవరూ మన ఆధార్ నంబర్, వేలిముద్రతో బ్యాంకు అకౌంట్‌లోంచి డబ్బు తీయలేరు, నిజమే. కానీ రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెట్టే అవ్వకు బియ్యం కూడా రావు. ఫోన్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయొచ్చు, అది కొద్ది నిమిషాలే ఉంటుంది, మళ్లీ దానంతట అదే లాక్ అవుతుంది. పక్కన చేసిపెట్టే పిల్లలు ఉంటేనే లాక్ పెట్టండి, లేకపోతే ఆ ముసలమ్మను డీలర్ చుట్టూ తిప్పినట్టవుతుంది. మాలాంటి ఫోన్ వాడేవాళ్లు మాత్రం లాక్ చేసి ఉంచుకోవడమే మేలు.

యాప్‌ల దగ్గర ఒక్క మాట. పీఎం కిసాన్ అనో, చలానా అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) ఎవరు పంపినా ఇన్‌స్టాల్ చేయొద్దు, తెలిసిన మనిషి పంపినా సరే, వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలోకి పోయి ఉండొచ్చు. ఆ యాప్ ఎస్సెమ్మెస్ పర్మిషన్ తీసుకుని ఓటీపీలు అవతలికి పంపుతుంది. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్ లాక్కుని బంధువులందరికీ బూతు మెసేజ్‌లు పెట్టిన రోజులు తెలంగాణ మర్చిపోలేదు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది, అప్పు ఇచ్చే యాప్ కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్స్, ఫొటోలు ముట్టుకోకూడదని. ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే వెంటనే తీసేయండి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచ్ ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నియమాలు వచ్చాయి, అవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. సంతోషమే. కానీ ఆ చట్టం కేయూ క్రాస్ రోడ్‌లోని ప్రతి షాపు కంప్యూటర్ దాకా ఎప్పుడు వస్తుందో అని నేను కూర్చుని ఎదురుచూడను, అందుకే ఇదంతా రాశాను.

ఇంత చేసినా డబ్బు పోతే, తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ ఇవ్వండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు మారకముందే ఆపగలిగేది అప్పుడే. పరువు పోతుందని ఇంట్లో దాచి తెల్లారి దాకా ఆగొద్దు. మీ బ్యాంకు బ్రాంచ్ నంబర్ కాకుండా కార్డు వెనకాల ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌ను ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ టైంలో గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్ కూడా మోసగాడిదే కావచ్చు.