తాబో గోడ మీద మా ఊరు

మా నాన్నది ధరణికోట. అమరావతి స్తూపానికి నడిచి వెళ్ళేంత దూరం. బడిపంతులుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయన అడిగింది ఒక్కటే: "అమ్మాయ్, ఒక్కసారి నన్ను హిమాలయాలకి తీసుకెళ్ళు. కాశీ, బదరీ తర్వాత సంగతి. ముందు ఆ కొండలు చూడాలి." అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆయన్ని ఆ ఇంట్లోంచి కదిలించడానికి నాకూ ఏదో ఒక వంక కావాలి. పోయిన సెప్టెంబరులో నేనూ నాన్నా స్పితి లోయకి బయల్దేరాం.

స్పితి అంటే నడిమి దేశం అని అర్థం. అటు టిబెట్టు, ఇటు మనం, మధ్యలో ఇది. హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది కానీ సిమ్లా, కులూ చూసినవాళ్ళు ఊహించుకునే హిమాచల్ కాదు. చెట్టు లేదు, వాన లేదు. ఏడాదిలో సగం మంచు, మిగతా సగం దుమ్ము.

వెళ్ళడానికి రెండు దారులున్నాయి. మనాలి వైపు నుంచి దగ్గర. కానీ ఆ దారిలో 2,000 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క రోజులో 4,500 మీటర్ల పైన ఉన్న కుంజుమ్ కనుమ ఎక్కేయాలి. అరవై ఆరేళ్ళ మనిషితో ఆ పని చెయ్యకూడదు. సిమ్లా దారి చాలా చుట్టు, అయితే మెల్లగా ఎక్కుతుంది: సిమ్లా 2,200 మీటర్లు, కల్పా దాదాపు 2,900, నాకో 3,600. ఒక్కో చోట ఆగుతూ వెళ్తే పలచటి గాలికి ఒళ్ళు అలవాటు పడుతుంది. పెద్దవాళ్ళని తీసుకెళ్తామని ఎవరడిగినా నేను ఇదే చెప్తున్నాను. ఎక్కేది సిమ్లా మీదుగా, దిగేది మనాలి మీదుగా.

చండీగఢ్ దాకా విమానం, అక్కణ్ణుంచి తిరిగి వచ్చేదాకా ఒకే కారు. డ్రైవరు కిన్నౌర్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. మొదటి గంటలోనే నాన్నని బాబూజీ అనడం మొదలుపెట్టాడు. నాన్న అతన్ని "బాబూ" అని పిలుస్తుంటే ఆయన కూడా బాబూజీ అనబోయి సగంలో ఆగిపోతున్నారనుకుని మురిసిపోయేవాడు.

సిమ్లాలో పడుకుని లేచాం, అంతే. రాంపూర్ దాటాక సట్లెజ్ నది పక్కకి వచ్చి చేరింది. కిన్నౌర్‌లోకి వెళ్ళేటప్పుడు కొన్నిచోట్ల కొండని తొలిచి రోడ్డు వేశారు. నెత్తిమీద రాతి కప్పు, పక్కన లోయ, అడుగున బూడిదరంగు నీళ్ళు. నాన్న లోయ వైపే కూర్చున్నారు. ఇటు జరగమన్నా జరగలేదు.

కల్పాలో రెండు రాత్రులున్నాం. మా గది కిటికీ తెరిస్తే ఎదురుగా కిన్నర్ కైలాసం. తెల్లారకముందే నాన్న దుప్పటి కప్పుకుని వసారాలో కూర్చునేవారు. మొదట శిఖరం అంచు ఎర్రబడింది, తర్వాత ఆ ఎరుపు కిందికి జారుతూ వచ్చింది, యాపిల్ తోటల దాకా వచ్చేసరికి మామూలు వెలుతురైపోయింది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్ళో నారాయణ-నాగిని గుడి, దానికి కాస్త అవతల బౌద్ధ గొంప, అంటే మఠం. అక్కడివాళ్ళు రెండింటికీ వెళ్తారు.

ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. ఆ వంతెన దాటాక పచ్చదనం అయిపోయింది. ఇక కొండలన్నీ మట్టిరంగు, ఇటుకరంగు, అక్కడక్కడ ఊదా. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. నాకో దాటి మరికొంత వెళ్తే మలింగ్ అని ఒక వాగు. అక్కడ కొండచరియలు విరిగిపడటం మామూలేనని ముందే విన్నాం. నాకోలో రాత్రి ఉండి, పొద్దున్నే చెరువు చుట్టూ ఒకసారి నడిచి బయల్దేరామో లేదో, ముందు పది బళ్ళు ఆగి ఉన్నాయి.

నాలుగు గంటలు అక్కడే ఉన్నాం. ముందు దుమ్ము లేచేది, తర్వాత గులకరాళ్ళు టకటకమంటూ దొర్లేవి, ఆ తర్వాత ఎక్కడో పైన గడప కదిలినట్టు చప్పుడై బిందెంత రాయి రోడ్డుకి తగిలి ఎగిరి లోయలోకి పోయేది. మా డ్రైవరు కారు దిగి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కొండవైపే చూస్తున్నాడు. "చిన్నరాయి పడుతున్నంతసేపూ కదలకూడదు బాబూజీ. కొండ ఇంకా సర్దుకోలేదని అర్థం." రోడ్డు పనివాళ్ళు బుల్డోజరుతో ఒక అడుగు ముందుకీ, రెండడుగులు వెనక్కీ వేస్తున్నారు. ఒకతను కేవలం పైకి చూస్తూ ఈల వెయ్యడానికే నిలబడ్డాడు. ఈల వినపడగానే మిషన్ వెనక్కి వచ్చేసేది. నాకు కాళ్ళలో వణుకు. ముసలాయన్ని ఇంత దూరం తెచ్చి ఏం చేస్తున్నానని టెన్షన్. నాన్న మాత్రం వెనకాల బస్సులోంచి దిగిన ఒక అవ్వ పక్కన రాయి మీద కూర్చుని, ఆవిడిచ్చిన పచ్చిబఠాణీలు ఒలుచుకు తింటున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ ఎడమచేత్తో జపమాల తిప్పుతూనే కుడిచేత్తో కాయలందిస్తోంది. దారి వదిలాక ఆవిడ నాన్నకి రెండు చేతులూ జోడించి "జూలే" అంది. అక్కడ పలకరింపుకీ, వీడ్కోలుకీ, థాంక్స్‌కీ అదే మాట.

గ్యూ అనే పల్లెలో సుమారు 500 ఏళ్ళనాటి లామా శరీరం ఉంది. కూర్చున్న భంగిమలోనే ఎండిపోయి, పళ్ళూ జుట్టూ అలాగే ఉన్నాయి. అద్దాల గదిలో పెట్టారు. అక్కడ జనం ఫొటోలకి ఎగబడుతుంటే నాకు నచ్చలేదు. ధ్యానంలో ప్రాణం వదిలిన మనిషిగా ఆ ఊరివాళ్ళు కొలిచే ఆయన ముందు సెల్ఫీ ఏమిటి? ఒక దణ్ణం పెట్టి వచ్చేశాం.

ఆ సాయంత్రానికి తాబో చేరాం.

బయటి నుంచి చూస్తే అక్కడేముందో తెలీదు. ఎత్తు తక్కువ మట్టి గోడలు, చదునైన మిద్దెలు, చోర్తెన్లనే మట్టి స్తూపాలు. మా ఉమ్మడి గుంటూరు జిల్లా పల్లెల్లో పాతకాలపు మట్టిమిద్దెల్లాగే ఉన్నాయి. పశ్చిమ టిబెట్టులోని గూగే రాజ్యాన్నేలిన యేషే ఓద్ 996లో కట్టించిన విహారం ఇది. 46 ఏళ్ళ తర్వాత, 1042లో, ఆయన వంశంవాడే జాంగ్‌చుబ్ ఓద్ బాగుచేయించాడని లోపల గోడ మీదే రాసి ఉంది. సంస్కృత గ్రంథాలని టిబెటన్‌లోకి తెచ్చిన రిన్‌చెన్ జాంగ్‌పో కాలం అది. 1975 జనవరిలో వచ్చిన కిన్నౌర్ భూకంపానికి కొన్ని భాగాలు దెబ్బతిన్నాయి గానీ గుడి పడిపోలేదు. వెయ్యేళ్ళుగా అక్కడ పూజ జరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున నలభై దాటిన ఒక భిక్షువు తాళం తీసి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. ఫోన్లు సంచిలో పెట్టేయమన్నారు. దుఖాంగ్ అంటే సభామందిరం. కిటికీలు లేవు, కప్పులో ఉన్న సందులోంచి పడే కాస్త వెలుగే. వెన్న దీపాల వాసన, చల్లటి మట్టి వాసన. కళ్ళు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. అప్పుడు ఒక్కొక్కరుగా కనిపించారు. చుట్టూ గోడల మీద, మన తల కంటే ఎత్తున, నిలువెత్తు బొమ్మలు 32. అన్నీ మట్టివే. గోడలోంచి ముందుకి వచ్చి గాల్లో కూర్చున్నట్టున్నాయి. ఒకరు నీలం, ఒకరు ఎరుపు, ఒకరు తెలుపు. భిక్షువు టార్చి ఒక బొమ్మ చేతి మీద వేశారు. వేళ్ళు సన్నగా, కొన గోరు దాకా చెక్కినట్టున్నాయి. ఒక వేలి దగ్గర రంగు పెచ్చు లేచిపోయి లోపలి మట్టి కనిపిస్తోంది. అందులో గడ్డిపోచ. కుమ్మరి మట్టిలో పిసికిన గడ్డిపోచలాగే ఉంది. నాన్న అక్కడ చాలాసేపు నిలబడిపోయారు.

బొమ్మల కింద గోడ పొడుగునా చిత్రాలు. ఒక గోడ మీద బుద్ధుడి జీవితం. ఎదుటి గోడ మీద వేరే కథ. గురువుల్ని వెతుక్కుంటూ తిరిగిన ఒక కుర్రాడి ప్రయాణం. భిక్షువు హిందీలో చెప్తున్నారు, నేను నాన్నకి తెలుగులో చెప్తున్నాను. "ఇతని పేరు సుధనుడు. వర్తకుడి కొడుకు. మంజుశ్రీ బోధిసత్త్వుడి మాట విని ఇల్లు వదిలాడు. భిక్షువులు, రాజులు, ఓడ నడిపేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, ఇలా యాభై మందికి పైగా కలిశాడు. ఒకరు తెలిసింది చెప్పి, మిగతాది ఫలానావాళ్ళని అడగమని పంపేవారు." టార్చి ఒక్కో బొమ్మ మీదుగా జరుగుతోంది. ప్రతి చోటా అదే కుర్రాడు, చేతులు జోడించి. "ఈయన దక్షిణ దేశంవాడు. ధాన్యాకరం అనే నగరం."

నాన్న చప్పున నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమన్నాడూ? ఆ ఊరి పేరు మళ్ళీ చెప్పమను."

సుధనుడి కథ ఉన్న బౌద్ధ గ్రంథం గండవ్యూహ సూత్రం. అందులోని ఆ ధాన్యాకరం మన ధాన్యకటకమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ధాన్యకటకం అంటే ధరణికోటే. నాన్నకి అది తెలుసు, ఆయన సోషల్ మాస్టారు. ఆ పేరు ఆ కొండల్లో, ఆ చీకట్లో వినపడుతుందని మాత్రం ఆయన అనుకోలేదు. ఆయనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో తనే చెప్పుకున్నారు: "మేరా గావ్. ధాన్యకటక. మేరా గావ్."

భిక్షువు టార్చి దించేశారు. "అమరావతా?" అన్నారు. అవునన్నాం. ఆయన నాన్న రెండు చేతులూ తీసుకుని తన నుదుటికి ఆనించుకున్నారు.

బయటికొచ్చి ఎండలో గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆ భిక్షువు చదువు కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో, ద్రెపుంగ్ మఠంలో జరిగిందట. కన్నడం కాస్త వచ్చు. "ఊట ఆయ్తా?" (భోజనమయిందా?) అనడిగితే నాన్న ఒక్కసారిగా నవ్వారు. అమ్మ పోయాక అంత పెద్దగా నవ్వడం నేను చూడలేదు. ద్రెపుంగ్ అంటే వడ్ల రాశి అని అర్థమట. టిబెట్టులోని లాసాలో మొదట ఆ మఠం కట్టినప్పుడు ధాన్యకటకం పేరునే టిబెటన్‌లో పెట్టుకున్నారు. కాలచక్రం అంటే టిబెటన్ బౌద్ధంలో ఒక పెద్ద తాంత్రిక బోధ, దీక్ష. బుద్ధుడు దాన్ని మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గరేనని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రం జరిపినప్పుడు ఈయనా వచ్చారు. "జనవరిలో అంత ఎండ! మాకు ఒళ్ళు కాలిపోయింది" అన్నారు. అప్పుడు మా నాయనమ్మ బతికే ఉంది. గుమ్మం ముందు నుంచి పోయే మెరూన్ బట్టల కుర్రాళ్ళని ఆపి మజ్జిగ పోసేది. నాన్న ఆ సంగతి చెప్తే ఆయన, "తాగాను. ఉప్పూ కరివేపాకూ వేసింది. ఎవరి ఇంట్లోనో గుర్తులేదు" అన్నారు. మా ఇంట్లోనే తాగారని నాన్న తేల్చేసుకున్నారు. నేను కాదనలేదు.

తర్వాత ఆయన మామూలుగానే ఒక ప్రశ్న అడిగారు. "మీరు అంత దగ్గర ఉంటారు కదా. రోజూ స్తూపానికి ప్రదక్షిణ చేస్తారా?"

నాన్న ఏమీ అనలేదు. చెప్పడానికేముంది? మా స్తూపం ఇప్పుడొక గుండ్రటి దిబ్బ. చుట్టూ ఉండాల్సిన రాళ్ళు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకు ముందే, 18వ శతాబ్దం చివర్లో, ఎన్నో రాళ్ళు ఇళ్ళ గోడల్లోకీ సున్నపు బట్టీల్లోకీ పోయాయి. ఇక్కడ గడ్డి కలిపిన మట్టి వేళ్ళు వెయ్యేళ్ళుగా నిలిచి ఉన్నాయి, రోజూ ఎవరో ఒకరు దీపం పెట్టి చూసుకోవడం వల్ల. ఈ మధ్య వానలు ఎక్కువయ్యాయని, మట్టి మిద్దెలు కారుతున్నాయని ఆ భిక్షువు దిగులుపడ్డారు. ఆ దిగులు చూస్తే నాకు సిగ్గేసింది. మా దిబ్బ గురించి అలా దిగులుపడే మనిషిని మా ఊళ్ళో నేనెప్పుడూ వెతకలేదు.

మిగతా ప్రయాణం త్వరగానే గడిచింది. స్పితి, పిన్ నదులు కలిసేచోట, గాలికి కోసుకుపోయిన మట్టి స్తంభాల మీద ధన్‌కర్ గొంప నిలబడి ఉంది. నాన్న కిందే ఉండిపోయారు, నేను ఎక్కి వచ్చాను. స్పితిలో పెద్ద ఊరైన కాజాలో ఆయనకి తలనొప్పి పట్టుకుంటే ఒక రోజంతా గదిలోంచి కదలకుండా వేడినీళ్ళూ, వెల్లుల్లి సూపూ ఇచ్చాను. మర్నాటికి తేరుకున్నారు. 4,166 మీటర్ల ఎత్తున ఉన్న కీ గొంపలో 2000లో కాలచక్రం జరిగిందని చెప్తే నాన్న పెద్దరికంగా తలూపారు, తమ ఊరి సంగతి ఇక్కడిదాకా వచ్చిందన్నట్టు. చిన్న లామాలు మాకు ఉప్పు వేసిన వెన్న టీ పోశారు. మొదటి గుక్క మింగడం కష్టం, రెండోదానికి రసంలా అనిపించింది.

కుంజుమ్ కనుమ మీద గాలికి నిలబడలేకపోయాం. అక్కడ అమ్మవారి గుడి చుట్టూ ప్రతి బండీ ఒక చుట్టు తిరిగే ముందుకి పోతుంది. మా కారూ తిరిగింది. రంగు జెండాలు చెవులు చిల్లులు పడేలా కొట్టుకుంటున్నాయి. బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు అనడానికి లేదు, ఏటి రాళ్ళ మీద కారు ఊగుతూ పోవడమే. ఆ తర్వాత తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం. అవతల ఒక్కసారిగా దేవదారు చెట్లు, పచ్చదనం, వాన.

చాలా రోజుల తర్వాత మనాలిలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా వచ్చింది. నాన్న ముందుగా మా బాబాయికి చేశారు. కొండలెలా ఉన్నాయనీ, ఆరోగ్యమెలా ఉందనీ అవతల నుంచి ఆయన అడుగుతూనే ఉన్నాడు. నాన్న అదేం వినిపించుకోకుండా అడిగారు: "ఒరేయ్, మన స్తూపం దగ్గర గేటు పొద్దున ఎన్నింటికి తీస్తారో కాస్త కనుక్కుని చెప్పు."