గురువారం తొమ్మిదిన్నర క్లాసు

పొద్దున ఆరున్నరకి కళ్ళు తెరిస్తే బయట ఇంకా చీకటే, జూన్ కదా, మెల్‌బోర్న్ చలికాలంలో ఏడున్నర అయితేగానీ తెల్లారదు. పాప నాకంటే ముందే లేచి తన కాలి వేళ్ళు తనే పట్టుకుని వాటితో ఏదో కబుర్లు చెప్తోంది. ఏడు నెలలు నిండి నాలుగు రోజులైంది. పక్కింటి కప్పు మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది, ఆ చలి చూసి ఒక్క నిమిషం ఇవాళ మానేద్దామా అనిపించింది, కానీ వారమంతా నేను ఎదురుచూసేది ఈ గురువారం కోసమే, పసిపిల్లల తల్లుల బాక్సింగ్ క్లాసు కోసం.

క్లాసు మా టార్నీట్ ఇంటి నుంచి కార్లో పన్నెండు నిమిషాలు. బయల్దేరడానికి మాత్రం గంటన్నర పడుతుంది. పాపకి గుజ్జు చేసిన అరటిపండు పెట్టి, తొమ్మిదికి కచ్చితంగా పాలిచ్చి (పాలు నిండి ఉండగా గుద్దులు గుద్దితే ఛాతీ ఎంత సలుపుతుందో మొదటి వారమే తెలిసింది), నాపీలు, తడి తుడుపులు, ఒక జత అదనపు బట్టలు, తన రబ్బరు జిరాఫీ, నా గ్లౌజులు అన్నీ ఒకే సంచిలో కుక్కేశాను. నా ఎర్ర గ్లౌజుల పక్కన తన చిన్న ఊలు గ్లౌజులు ఉంటే వాటినే చూస్తూ కాసేపు నిలబడిపోయాను.

హాలు పెద్దదేం కాదు. రింగ్ లేదు, గోడ పక్కన గుద్దడానికి నాలుగు బరువైన బ్యాగులు వేలాడుతుంటాయి, మధ్యలో మెత్తటి మ్యాట్లు పరిచి పిల్లల్ని వాటి మీద వదులుతారు. మ్యాట్ల చుట్టూ నారింజ రంగు కోన్లు ఉంటాయి, గ్లౌజు చేతికున్నప్పుడు ఎవరూ ఆ గీత దాటకూడదు, ఎటు తిరిగినా మన గుద్దు గోడ వైపే వెళ్ళాలి. ప్రామ్‌లన్నీ, అంటే పిల్లల తోపుడు బళ్ళు, ఒక పక్కకి వరసగా పెట్టాక మా కోచ్ అమ్మాయి ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి బ్రేక్ వేసి ఉందో లేదో తనే కాలితో నొక్కి చూస్తుంది. ఆమెకీ ఇద్దరు పిల్లలు. పాట కూడా చిన్నగానే పెడుతుంది, పిల్లల చెవులు కదా.

ఇవాళ తొమ్మిదిమంది తల్లులం. నా జోడీ ఒక వియత్నాం అమ్మాయి, వాళ్ళ బాబు మా పాపకంటే మూడు వారాలు పెద్ద, అప్పుడే పాకేస్తున్నాడు. ఇంకో పంజాబీ అమ్మాయికి ఇదే మొదటి క్లాసు, పాపకి పది వారాలు. కోచ్ ఆమెని పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు అడిగింది, ఆరు వారాల చెకప్ అయిందా, ఆపరేషనా మామూలు కాన్పా, పొట్ట మధ్యలో కండరాలు ఎంత ఎడం అయ్యాయి, దగ్గినప్పుడు మూత్రం పడుతోందా అని. ఆ చివరి ప్రశ్న నన్ను అడిగినరోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు, అమ్మక్కూడా. కాన్పయిన ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదే ఇది, దానికి ఫిజియో ఉంటారు, ఎక్సర్‌సైజులు ఉంటాయి, తగ్గుతుంది అని ఆమె నిదానంగా చెప్పింది. అందుకే ఇక్కడ స్కిప్పింగ్ తాడు బయటికి తీయరు, ఎగరడాలు లేవు, వాటి బదులు పక్కకి అడుగులేయడమే. మనవైపు కూడా కాన్పయిన ప్రతి అమ్మాయినీ ఎవరో ఒకరు ఈ మాట పక్కన కూర్చోబెట్టి అడగాలి, నిజంగా అడగాలి.

ముందు చేతులకి గుడ్డ చుట్టుకోవాలి. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడుసార్లు, పిడికిలి కణుపుల మీదుగా మూడుసార్లు, మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి ఒక్కోటీ, చివర్న మళ్ళీ మణికట్టుకి. నాకు బొటనవేలి దగ్గర ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేస్తుంది, ఎందుకంటే పాప పుట్టిన మూడో నెల నుంచి నాకు కుడి బొటనవేలి కింద మణికట్టు దగ్గర ఒకటే పోటు. పాపని చంకల కింద బొటనవేళ్ళు పెట్టి రోజుకి యాభైసార్లు ఎత్తితే అక్కడ కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు వాస్తాయట, ఇక్కడ దాన్ని మమ్మీ థంబ్ అంటారు. డాక్టరు సరే అన్నాకే చేరాను, హుక్స్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దులు) ఇంకా వద్దంది కోచ్, జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టేది), క్రాస్ (వెనక చేత్తో నేరుగా కొట్టేది) రెండే. గుద్దు దిగేటప్పుడు మణికట్టు ఇటూ అటూ వంగకూడదు, చూపుడు వేలు, నడిమి వేలు కణుపులే తగలాలి, బొటనవేలు పిడికిలి బయటే ఉండాలి. దాంతోపాటు పాపని ఎత్తుకోవడం కూడా నేర్పించింది, అరచేతులు పైకి పెట్టి ఒకటి పిరుదుల కింద, ఒకటి వీపు కింద, చేటతో బియ్యం ఎత్తినట్టు. చేట అన్నది నా మాట, ఆమె చేత్తో చూపించిందంతే, చూడగానే నాకు మా నాయనమ్మ చేటే గుర్తొచ్చింది. రెండు వారాల్లో పోటు సగం తగ్గింది.

రెండు నిమిషాలు గుద్దడం, ఒక నిమిషం ఆగడం. ఒకరు ప్యాడ్లు పట్టుకుంటే ఇంకొకరు కొడతారు. వన్ అంటే జాబ్, టూ అంటే క్రాస్. బలం చేతుల్లోంచి వస్తుందనుకునేదాన్ని, కానే కాదు, వెనక కాలి మడమ తిరగాలి, దాంతో నడుం తిరగాలి, చెయ్యి చివర్లో వస్తుంది. ప్రతి గుద్దుకీ నోట్లోంచి ష్ అని ఊపిరి వదలాలి, ఊపిరి బిగబడితే ఆ ఒత్తిడంతా పొట్ట మీదా కిందా పడుతుందంట. తొమ్మిదిమందిమీ ష్, ష్ అంటుంటే బయట వినేవాళ్ళకి పిల్లల్ని జోకొడుతున్నట్టే ఉంటుంది. మూడో రౌండ్‌లో ఒక క్రాస్ సరిగ్గా పడింది, ప్యాడ్ మధ్యలో టప్ మని ఆ చప్పుడు, ప్యాడ్ పట్టుకున్న నా జోడీ ఒకడుగు వెనక్కి వేసి నవ్వింది. ఏడు నెలలుగా ఈ చేతులు మొయ్యడం, తుడవడం, తట్టడం, పడుకున్నదాన్ని లేపకుండా మెల్లగా కిందపెట్టడం ఇవే చేశాయి. బలమంతా పెట్టి ఒక పని చెయ్యమని వాటికి ఎవరూ చెప్పలేదు. ఆ చప్పుడు ఇంకా నా భుజంలో ఉన్నట్టే ఉంది.

నాలుగో రౌండ్ మధ్యలో పాప ఏడుపు అందుకుంది. ఆగిపోయి గ్లౌజు పళ్ళతో ఊడదీసుకుంటుంటే కోచ్ నాకంటే ముందే వెళ్ళి దాన్ని నడుం మీద వేసుకుంది, నువ్వు కానివ్వు అని సైగ చేసి, దాన్ని ఊపుతూ అదే గొంతుతో వన్, టూ, వన్, టూ అని లెక్కపెట్టింది. ఏడుపు మానేసి ఆమె నోటికేసే చూస్తూ ఉండిపోయింది మా చిన్నది. కడుపుతో ఉండకముందు నేను డబ్బు కట్టిన జిమ్‌లో, పాపని ప్రామ్‌లో పడుకోబెట్టి ఒక మూల ఉంచుకుంటానంటే తలుపు దాటి రానివ్వలేదు. వాళ్ళకీ నియమాలుంటాయి, కాదనను. కానీ ఆరోజు పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఏడ్చాను. అందుకే ఈ హాల్లో ఎవరి పిల్లలు ఏడ్చినా ఒక్కరూ మొహం చిట్లించకపోవడం నాకు చాలా పెద్ద విషయం.

నీళ్ళు తాగేటప్పుడు కోచ్ 2024 పారిస్ ఒలింపిక్స్ గురించి చెప్పింది, కెయిట్లిన్ పార్కర్‌కి కాంస్యం వచ్చింది కదా, బాక్సింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆస్ట్రేలియా ఆడపిల్ల తనే. నేను ఊరుకోలేకపోయాను. మా మేరీ కోమ్ గురించి చెప్పాను, 2007లో కవల పిల్లలు పుట్టారు, 2008లో చైనా వెళ్ళి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది, 2012లో లండన్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టినప్పుడు కాంస్యం తెచ్చింది అని. కవలలా, అని పంజాబీ అమ్మాయి తన పది వారాల పాపకేసి చూసుకుంది. మా తెలుగు రాష్ట్రాల్లో నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ ఉంది, 2022లో ఇస్తాంబుల్లో, 2023లో ఢిల్లీలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది అని కూడా చెప్పాను. చెప్తుంటే గొంతు కొంచెం వణికింది, ఇంత దూరంలో ఆ ఊరి పేరు గట్టిగా పలికానని కాబోలు.

ఇంటికొచ్చి పాపని పడుకోబెట్టి పన్నెండున్నరకి అమ్మకి ఫోన్ చేశాను, తెనాల్లో పొద్దున ఎనిమిది. పురిటికి వచ్చి ఆరు నెలలుంది అమ్మ, అయిదో నెలలో అన్నప్రాసన చేసి ఏప్రిల్లో వెళ్ళింది. ఉన్నన్నాళ్ళూ కాయం, వెల్లుల్లి కారం, శొంఠి, చెవుల్లో దూది, ఏదీ వదల్లేదు. సాంబ్రాణి పొగకి ఇంట్లో అలారం మోగితే కుర్చీ వేసుకుని దాని కింద విసనకర్రతో విసిరింది పాపం. కుట్లు మానాక నాన్న పాత పంచె చింపి నా పొట్టకి తనే కట్టేది, ఊపిరాడుతోందా అని రెండు వేళ్ళు దూర్చి చూసేది. బాక్సింగ్ అన్నప్పటినుంచి అమ్మకి భయమే. "బాలింతవే నువ్వు, ఒళ్ళు అలా కుదిపేసుకుంటే పాలు తగ్గిపోవూ?" అని నిన్న కూడా అంది. తగ్గవమ్మా, ఇక్కడి నర్సునే అడిగాను, దాని బరువు కూడా బాగానే పెరుగుతోంది అన్నా మనసు ఒప్పుకోలేదు.

ఇవాళ నేనేం వాదించలేదు. ఫోన్ గోడకి ఆనించి, సంచిలోంచి గుడ్డ తీసి ఉచ్చు దగ్గర్నుంచి మొదలుపెట్టి చుట్టుకుంటూ చూపించాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి జరిగి చూసింది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి, "మరీ బిగించకు, నరం పట్టేస్తుంది, వేలు దూరుతోందా?" అంది. దూరుతోందమ్మా అన్నా.

"ఎన్ని మూరలుంటుందే అది?"

నాలుగున్నర మీటర్లు అంటే అమ్మకి పట్టలేదు, మోచెయ్యి నుంచి వేలి చివరిదాకా కొలిచి చూపించాను. పది మూరలు.

"చెమటది అలాగే చుట్టి పెట్టకు, వాసనొస్తుంది, ఉతికి నీడలో ఆరెయ్," అంది, తర్వాత పాప లేచిందేమో చూడమంది.